వార్డెన్ పెట్టిన సంతకం

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, వైద్య పరిశోధనలు చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని. సుమారు 14 వేల మందికి వేశారు. వాళ్లలో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు చాలామందే ఉన్నారు.

ఇక్కడ అయిదుగురు, ఇదే పని జరిగిన గుజరాత్‌లో ఇద్దరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణ కమిటీ తేల్చింది. ఒకరిది పాముకాటు, ఒకరు నీళ్లలో మునిగి పోయారు. అయినా జనం నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో తెలియాలంటే కాగితాలు చూడాలి.

పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. మరో 1,948 మీద వేలిముద్రలు. నాలుగో వంతుకు పైగా పిల్లల తరఫున 'సరే' అన్నది అమ్మానాన్నలు కాదన్నమాట. పైగా ఇది ట్రయల్ (మనుషుల మీద మందును పరీక్షించడం) కాదు, 'డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్' మాత్రమేనని నిర్వాహకుల వాదన. పేరు మార్చితే రూల్స్ తప్పించుకోవచ్చనుకున్నారేమో. సంఘం ఆ వాదనను ఒప్పుకోలేదు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది వేరే ఉంది. టీకా మంచిదే. మన దేశంలో ఆ క్యాన్సర్‌తో ఏటా 70 వేల మందికి పైగా ఆడవాళ్లు చనిపోతున్నారని అంచనా. అయినా ఖమ్మం తర్వాత హెచ్‌పీవీ అంటేనే ప్రభుత్వాలు జంకాయి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం బడ్జెట్‌లో చెప్పేసరికి 2024 వచ్చింది. ఆలస్యానికి ఇదొక్కటే కారణమని అనను. కానీ ఇంటికెళ్లి తల్లితో పది నిమిషాలు మాట్లాడే ఓపిక లేకపోవడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు.

ఆ పది నిమిషాల్లో ఏం చెప్పాలి? ట్రయల్‌లో సగం మందికి అసలు మందు, సగం మందికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారనుకోండి. ఎవరికి ఏది అన్నది డాక్టరు చేతిలో కూడా ఉండదు, చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. ఇలా చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. కానీ అంగీకార పత్రాల తెలుగులో ఈ చీటీ పద్ధతికి 'యాదృచ్ఛికీకరణ' అని ఉంటుంది. తెలుగు ఎమ్మే చదివినవాళ్లకైనా తడుముకోక తప్పదు. నిశానీ వేసే మనిషి సంగతి చెప్పేదేముంది?

చట్టం మారలేదని కాదు. ట్రయల్స్ మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తుండగా 2013లో నష్టపరిహారం నిబంధనలు వచ్చాయి. అంగీకారం తీసుకోవడాన్ని వీడియో తీయాలన్నారు. 2019 మార్చిలో కొత్త రూల్స్ వచ్చాయి. ట్రయల్‌కు అనుమతి ఇచ్చి, పాల్గొనేవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, సగం మంది ఆ ఆస్పత్రికి సంబంధం లేనివాళ్లు కావాలి. ట్రయల్ వల్ల ప్రాణం పోతే పరిహారం లెక్కగట్టడానికి 8 లక్షల మూల మొత్తంతో ఒక సూత్రమే ఉంది.

కానీ వీడియో రూల్ చదివితే ఒక సందు కనిపిస్తుంది. కొత్త రసాయనంతో చేసే ట్రయల్స్‌లో, అదీ బలహీన వర్గంగా లెక్కించేవాళ్ల విషయంలోనే అది తప్పనిసరి. పాత మందుకే జెనరిక్ తయారుచేసి, అసలుదానితో సమానంగా రక్తంలో కలుస్తోందా అని చూసే బయోఈక్వివలెన్స్ పరీక్షలు ఆ గీత అవతలే ఉండిపోయాయి. మన దగ్గర పేదలు డబ్బు కోసం వెళ్లేది ఎక్కువగా వీటికే. 2011లో పిడుగురాళ్ల నుంచి కూలి మహిళలను హైదరాబాద్ తీసుకెళ్లి చేసినవీ ఈ రకం పరీక్షలే. ఆరోగ్యవంతులైన వాలంటీర్లు అని కాగితాల్లో రాసుకుంటారు. అప్పు తీర్చడానికి చెయ్యి చాపి రక్తం ఇచ్చే మనిషిని ఆ మాటతో పిలవడం నాకు మింగుడు పడదు. కెమెరా ముందుగా పెట్టాల్సింది అక్కడ.