‘ఏఎఫ్-సీ పెట్టి మరిచిపోండి’ అనే సలహా నమ్మి పెళ్లికి వెళ్లొద్దు

ఫొటోగ్రఫీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కొత్తగా కెమెరా కొన్నవాళ్లకి పంపండి అని చివర రాసి ఉంటుంది కాబట్టి అందరూ పంపేస్తున్నారు. సారాంశం ఇదీ: ఏఎఫ్-ఎస్ (ఫోకస్ ఒకసారి పట్టి ఆపేసే మోడ్) పాతకాలం మోడ్, ఎప్పుడూ ఏఎఫ్-సీలోనే (ఫోకస్ పడుతూనే ఉండే మోడ్) ఉంచండి; ఏరియా (ఫ్రేమ్‌లో ఫోకస్ ఎక్కడ పట్టాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదిలేయండి, కెమెరాకి అన్నీ తెలుసు; ఐ డిటెక్షన్ (కెమెరాయే కన్ను వెతికి పట్టుకోవడం) ఉంటే ఫోకస్ గురించి ఆలోచించక్కర్లేదు; పాత కెమెరా అయితే మధ్య పాయింట్‌తో ఫోకస్ పట్టి ఫ్రేమ్ తిప్పుకోండి; బ్యాక్ బటన్ ఫోకస్ పెడితే ఫొటోలు షార్ప్ అవుతాయి; ఇవన్నీ చేసినా మసకగా వస్తే లెన్సు పోయినట్టే.

ఒక్కో ముక్కలో కాస్త నిజం ఉంది, అందుకే ఇంతగా తిరిగింది. కానీ ఇది చదివి పాటిస్తున్న వాళ్లలో చాలామంది చేతుల్లో ఉన్నది లక్షలు పోసి కొన్న కొత్త మిర్రర్‌లెస్ కాదు. కెనాన్ 1500డీ, నికాన్ డీ3500 లాంటి మామూలు డీఎస్‌ఎల్‌ఆర్. మొదటిదానికి వ్యూఫైండర్‌లో 9 ఫోకస్ పాయింట్లు (కెమెరా ఫోకస్ పట్టగల చోట్లు), రెండోదానికి 11. వాటితో ఈ సలహా పాటించి, ఫొటోలు పాడయ్యాక తప్పు కెమెరాదే అనుకుని ఈఎంఐలో ఇంకోటి కొంటున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

అసలు ఈ మెసేజ్ రాసినాయన రెండు వేరు వేరు విషయాలు కలిపేశాడు. ఫోకస్ ఒకసారి పట్టి ఆపేయాలా, పడుతూనే ఉండాలా అన్నది ఒక ప్రశ్న. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-సీ దానికి జవాబు. కెనాన్‌లో అయితే వన్ షాట్, సర్వో. ఫ్రేమ్‌లో ఎక్కడ పట్టాలి అన్నది ఇంకో ప్రశ్న, దానికి జవాబు ఏరియా మోడ్. ఐ డిటెక్షన్ ఈ రెండో ప్రశ్నలోనే సాయం చేస్తుంది తప్ప మొదటిదానితో దానికి పని లేదు. ఈ తేడా తెలియకుండా ఎన్ని సెట్టింగులు మార్చినా చీకట్లో తడుముకోవడమే.

‘ఏఎఫ్-ఎస్ పాతకాలం మోడ్.’ కాదు. షట్టర్ బటన్ సగం నొక్కితే ఏఎఫ్-ఎస్ ఫోకస్ పట్టి అక్కడే నిలబడుతుంది, బీప్ అంటుంది, డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో పచ్చ చుక్క వెలుగుతుంది. ఫోకస్ పడకపోతే మామూలుగా షట్టరే పడదు. కొత్తవాళ్లకి దీన్ని మించిన రక్షణ లేదు. ఏఎఫ్-సీలో చాలా కెమెరాలు కంపెనీ నుంచి వచ్చేటప్పుడే ఇందుకు పూర్తిగా తిరగేసి ఉంటాయి: ఫోకస్ పడిందా లేదా చూడకుండా, మీరు నొక్కారు కాబట్టి క్లిక్ మనిపిస్తాయి. మనిషి కదలకుండా నిలబడినా లెన్సు అటూ ఇటూ సవరించుకుంటూనే ఉంటుంది, వెలుతురు తక్కువైతే మరీనూ. పైగా చీకట్లో ఫోకస్‌కి సాయంగా వెలిగే దీపం చాలా కెమెరాల్లో ఏఎఫ్-సీలో వెలగదు. తెల్లవారుజాము ముహూర్తానికి, మండపం చివర కూర్చున్న తాతగారిని ఏఎఫ్-సీలో తీసి, దీపం ఎందుకు వెలగడం లేదని కెమెరాని తిట్టుకుంటే ఏం లాభం?

మరి ఏఎఫ్-సీ ఎప్పుడు? దూరం మారుతున్నప్పుడు. కబడ్డీలో రెయిడర్ మీ వైపే దూసుకొస్తుంటే, నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతు నీటి మీద నుంచి లేస్తుంటే, వధువు నడుచుకుంటూ మండపంలోకి వస్తుంటే. అప్పుడు కెమెరా దూరాన్ని వెంటవెంటనే కొలిచి, షట్టర్ తెరుచుకునే క్షణానికి ఆ మనిషి ఎక్కడ ఉంటాడో అంచనా వేసి లెన్సుని ముందే అక్కడికి జరుపుతుంది. ఇది నిజంగా గొప్ప పని, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కొత్త మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లు రోజంతా ఏఎఫ్-సీలోనే ఉంచి నెట్టుకు రావచ్చు కూడా. కానీ అది ఆ కెమెరాల సంగతి. దాన్నే అందరికీ సూత్రంలా చెప్పకూడదు.

‘ఏరియా ఆటోలో వదిలేయండి.’ ఈ మాట మీద నాకు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం, ఎందుకంటే దీని దెబ్బ సరిగ్గా తలంబ్రాల దగ్గర తగులుతుంది. ఒక్కసారి ఆ క్షణం చూడండి. పెళ్లికూతురు దోసిలి ఎత్తుతుంది, బియ్యం గాల్లోకి లేస్తుంది, పక్కనుంచి పురోహితుడి చెయ్యి పళ్లెంతో ముందుకొస్తుంది, వెనకాల చుట్టాలు ఫోన్లు పైకెత్తి ఉంటారు. ఆటో ఏరియాలో మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ ఎక్కువసార్లు ఏం చేస్తుందంటే, తన పాయింట్ల కింద అన్నిటికంటే దగ్గరగా, గీతలు స్పష్టంగా కనిపించేదాన్ని పట్టుకుంటుంది. అంటే పళ్లెం, లేదా గాల్లో ఉన్న బియ్యం. తర్వాత కంప్యూటర్‌లో తెరిచి చూస్తే గింజలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి, వాటి వెనక నవ్వుతున్న రెండు మొహాలూ మెత్తగా కరిగిపోయి ఉంటాయి. ‘అన్నా, కెమెరా పాడైందా?’ అని కుర్రాళ్లు అడిగేది ఇలాంటి ఫొటో చూపించే. కెమెరా పాడవలేదు, మొహం కావాలని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పడం కష్టమేం కాదు. సింగిల్ పాయింట్ (మీరు ఎంచుకున్న ఒక్క పాయింట్‌తోనే ఫోకస్ పట్టే ఏరియా మోడ్) పెట్టి పెళ్లికూతురి కంటి దగ్గర ఉంచండి. మోడ్ ఏఎఫ్-ఎస్ అయినా పర్వాలేదు, వాళ్లు కూర్చునే ఉంటారు కాబట్టి దోసిలి లేవకముందే మొహం మీద ఫోకస్ పట్టి బటన్ సగం నొక్కి ఉంచితే బియ్యం అడ్డొచ్చినా ఫోకస్ కదలదు. అపర్చర్ (లెన్సు తెరుచుకునే కొలత) ఎఫ్/4 కానీ 5.6 కానీ పెట్టుకుంటే వాళ్లు కాస్త ముందుకి వంగినా మొహం చెడదు. పై స్థాయి కెమెరా ఉంటే, మధ్యలో ఏదైనా అడ్డొచ్చినప్పుడు ఎంత త్వరగా దాని మీదికి మారాలో చెప్పే సెట్టింగ్ మెనూలో ఉంటుంది. నికాన్‌లో బ్లాక్డ్ షాట్ ఏఎఫ్ రెస్పాన్స్, కెనాన్‌లో ట్రాకింగ్ సెన్సిటివిటీ. తలంబ్రాలకి దాన్ని నెమ్మది వైపు జరిపితే ఏఎఫ్-సీ కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ మెసేజ్‌లో దీని ఊసే లేదు.

‘ఐ డిటెక్షన్ ఉంటే చాలు.’ ఒక్క మనిషి ఎదురుగా ఉన్నంతసేపు చాలు. బతుకమ్మ ఆట తీయండి, తెలుస్తుంది: గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ ఫ్రేమ్‌లోకి వచ్చే మొహాలు, వెళ్లే మొహాలు, అన్నిటికీ కళ్లున్నాయి, మీకు కావాల్సిన కళ్లు ఎవరివో కెమెరాకి తెలియదు. కెమెరా కంటి మీద చూపించే చతురస్రం ఒకరి నుంచి ఇంకొకరికి దూకుతూ ఉంటుంది. అలాంటప్పుడు ఏరియాని చిన్న జోన్‌కి తగ్గించి, ఆ జోన్‌లో ఉన్న కన్ను మాత్రమే వెతకమనాలి. పెళ్లికూతురు తలవంచి, పూలు చెంప మీదికి జారి, రెప్పలు వాలి ఉన్నప్పుడు కూడా ఇది నమ్మదగ్గది కాదు. వెంటనే సింగిల్ పాయింట్‌కి మారడం చేతికి అలవాటై ఉండాలి.

‘మధ్య పాయింట్‌తో పట్టి తిప్పుకోండి.’ ఈ అలవాటు ఎక్కడిదంటే, 1985లో మినోల్టా 7000 వచ్చినప్పుడు దానికున్న ఫోకస్ పాయింట్ ఒక్కటే, అదీ మధ్యలో. తిప్పుకోవడం తప్ప దారి లేదు. ఇప్పటికీ ఇందులో సగం నిజముంది: 1500డీలో మధ్య పాయింట్ ఒక్కటే క్రాస్ టైప్, అంటే నిలువు గీతల్నీ అడ్డ గీతల్నీ రెండిటినీ పట్టగలదు, మిగతావి ఒక దిశలో గీతల్నే చూస్తాయి. కాబట్టి చీకట్లో మధ్యదే దిక్కు. ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. పెళ్లికొడుకు తెల్ల చొక్కా మీద పెడితే లెన్సు ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది, అదే కండువా జరీ అంచు మీద పెడితే టక్కున పడుతుంది. పక్క పాయింట్ వాడుతున్నప్పుడు జరీ గీత మీద కూడా పట్టకపోతే కెమెరాని కాస్త ఏటవాలుగా తిప్పి చూడండి, దిశ కుదరగానే పడుతుంది.

కానీ దగ్గర పోర్ట్రెయిట్‌లో ఈ పద్ధతి ముంచుతుంది. 50 ఎంఎం లెన్సు, ఎఫ్/1.8, క్రాప్ సెన్సర్ (మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే చిన్న సెన్సర్), మనిషి మీటరు దూరంలో అనుకోండి. స్పష్టంగా కనిపించే లోతు మొత్తం కలిపి దాదాపు 3 సెంటీమీటర్లే, అంటే కంటికి ముందు సగం, వెనక సగం. కంటి మీద ఫోకస్ పట్టి కెమెరాని 10 డిగ్రీలు తిప్పితే ఫోకస్ సుమారు ఒకటిన్నర సెంటీమీటరు కంటి వెనక్కి పోతుంది, లెక్క సరిగ్గా అంచు మీద పడింది. మీరు కాస్త ఊగితే చెవి జూకా షార్ప్‌గా, కన్ను మసకగా వస్తుంది. పాయింట్‌నే కంటి మీదికి జరుపుకోండి, రెండు సెకన్ల పని. ఇంకో ఘోరం, ఇదే మెసేజ్ ఎప్పుడూ ఏఎఫ్-సీలో ఉండమంది కదా, ఏఎఫ్-సీలో మధ్య పాయింట్‌తో పట్టి ఫ్రేమ్ తిప్పితే ఫోకస్ అక్కడ ఆగదు, మధ్యలోకి వచ్చిన వెనక గోడ మీదికి వెళ్లిపోతుంది. ఒకే మెసేజ్‌లో ఒక సలహా ఇంకోదాన్ని చంపేస్తోంది, పంపేవాళ్లెవరూ ఇది గమనించలేదు.

బ్యాక్ బటన్‌తో షార్ప్‌నెస్ పెరగదు. ఫోకస్ పని షట్టర్ బటన్ నుంచి తీసి వెనక బటన్‌కి ఇస్తున్నారు, అంతే. లాభం ఏమిటంటే ఏఎఫ్-సీలో ఉండి కూడా బొటనవేలు తీసేస్తే ఫోకస్ ఆగిపోతుంది, పైన చెప్పిన గోడ సమస్య పోతుంది. అలవాటైతే వదలరు. కానీ కెమెరా ఇంకొకరి చేతికిచ్చి మా ఫొటో తీయమనేటప్పుడు పాత పద్ధతికి మార్చి ఇవ్వండి, వాళ్లు షట్టర్ నొక్కితే ఫోకస్ పట్టదు.

‘మసకగా వస్తే లెన్సు పోయినట్టే.’ ఈ మాటకి భయపడి మంచి లెన్సుల్ని సగం ధరకి అమ్మేసుకున్నవాళ్లున్నారు. ముందు ఫొటోని వంద శాతం పెద్దది చేసి చూడండి. మొహం మసకగా ఉండి, వెనక పూలదండో ముందున్న కొబ్బరిబొండమో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పు చోట పడింది. ఫ్రేమ్‌లో ఏదీ స్పష్టంగా లేకుండా అంతా ఒకే వైపు లాగినట్టు ఉంటే మీ చెయ్యి కదిలింది. మండపం స్తంభాలు స్పష్టంగా ఉండి మనుషులు మాత్రమే లాగినట్టుంటే వాళ్లు కదిలారు, షట్టర్ స్పీడ్ చాలలేదు. ఈ రెండిటికీ ఏ ఫోకస్ మోడూ మందు కాదు, సెకనులో 1/60 వంతు షట్టర్ స్పీడ్‌లో తీసి ఏఎఫ్-సీని నిందించొద్దు.

నిజంగా లెన్సు మీద అనుమానముంటే ట్రైపాడ్ మీద పెట్టి, ఏఎఫ్-ఎస్, సింగిల్ పాయింట్, పగటి వెలుతురులో గోడకి అంటించిన న్యూస్‌పేపర్‌ని తీయండి. అదే లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఫోకస్ పట్టి ఇంకోటి తీయండి. లైవ్ వ్యూది ప్రతిసారీ స్పష్టంగా వచ్చి వ్యూఫైండర్‌ది ప్రతిసారీ రాకపోతే, డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కొలిచే సెన్సర్ వేరు, ఫొటో తీసే సెన్సర్ వేరు కాబట్టి ఆ రెండిటికీ పొంతన తప్పిందన్నమాట. పై స్థాయి బాడీల్లో దాన్ని మెనూలోనే సరిచేసుకోవచ్చు, మామూలు వాటికైతే సర్వీసు సెంటర్‌కి వెళ్లాలి. రెండూ మసకగా వస్తే అప్పుడు లెన్సుని అనుమానించండి.