సకల నాచు సంహారిణి సీసా గారికి

మహారాజశ్రీ సీసా గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గాని, ఉప్పునీటి అక్వేరియం తొట్టిలోని పగడాల తరఫున ఆ మాట రాసే అధికారం నాకు లేదు. నాచు ఎరుపైనా, ఆకుపచ్చైనా, గోధుమరంగైనా ఒక్క మూత మందు పోస్తే చాలునని మీ లేబుల్ చెబుతోంది. పేరూ ఊరూ అడగకుండానే శిక్ష ఖరారు చేయగల మీ తెగువకు ముందుగా అభినందనలు.

కొత్త తొట్టిలో ఇసుక మీదా అద్దం మీదా గోధుమరంగు దుమ్ములా పరుచుకునే డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచులు నీటిలో కరిగిన సిలికేట్‌ను వాడుకుని పెరుగుతాయి. అది తరిగిపోతే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. మీరు రాకపోయినా పోయేవే, అయినా ఆ కీర్తి మీ ఖాతాలోనే పడుతుంది. ఎర్రని పొరలా కప్పేసి, కొస పట్టుకుని లాగితే చాపలా ఊడివచ్చే సైనోబాక్టీరియా అసలు నాచే కాదు, బాక్టీరియా. ఆకుపచ్చ గాజుపూసలా మెరిసే వలోనియా అనే నాచులో ఒక్కొక్క బుడగా ఒక్కొక్క కణమే. దాన్ని చిదిమితే మరింత వ్యాపిస్తుందా లేదా అన్న వాదన పెంపకందారుల మధ్య ఇంకా తెగలేదు గనుక, చిదమకుండా రాయి నుంచి ఊడదీయడమే మేలు. ఇక జుట్టులా పెరిగే నాచుకీ, బ్రయోప్సిస్ అనే మరో ఆకుపచ్చ నాచుకీ తేడా తెలియాలంటే, ఒక పోగును తెల్లని పళ్ళెంలో కాస్త నీళ్ళు పోసి పరిచి చూడాలి: మొదటిది ఉత్త దారం, రెండోది ఇరుపక్కలా చిన్న కొమ్మలున్న పక్షి ఈక. బ్రష్‌తో ఎంత రుద్దినా తిరిగి లేచే ఆ ఈక మీదికి ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందును ప్రయోగించేవారు చాలామందే ఉన్నారు. తమరి ప్రస్తావన అక్కడ వినిపించదు.

అసలు చిక్కు డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవుల దగ్గర వస్తుంది. గాలిబుడగలు తగిలించుకున్న జిగురు తీగల్లా వేలాడుతూ, పగలు చిక్కబడి రాత్రి పలచబడే ఈ జీవులు, నాచుకు ఆహారమైన నైట్రేటూ ఫాస్ఫేటూ సున్నాకు దిగిన శుభ్రమైన తొట్టిలోనే తరచుగా విజృంభిస్తాయి. కొంచెం తీసి చిన్న సీసాలో కుదిపి, కాగితంలో వడగట్టి, వడగట్టిన నీటిని వెలుతురులో ఒక గంట ఉంచితే, అవి ఈ జీవులే అయిన పక్షంలో, విడిపోయినవి మళ్ళీ తీగలుగా కూడుకుంటాయి. ఏ రకమో తేల్చడానికి మాత్రం మైక్రోస్కోప్ తప్పదు, ఎందుకంటే రాత్రివేళ నీటిలోకి లేచే ఆస్ట్రియోప్సిస్ రకాన్ని, నీటిని తన పక్కగా పారించి శుద్ధిచేసే అతినీలలోహిత దీపం పట్టగలదు గాని, ఇసుకలోనే ఉండిపోయే ఆంఫిడీనియం రకం ఆ దీపం దాకా రానేరాదు. పైగా కొన్ని రకాల విషానికి, నాచు మేయడానికి తెచ్చిన నత్తలే ముందుగా చచ్చిపోతాయి. ఇక్కడ చికిత్స ఏమిటో తెలుసునా? నైట్రేటునూ ఫాస్ఫేటునూ కాస్త పెంచడం. ఈ విషయం రాయడానికి మీ లేబుల్ మీద చోటు చాలలేదు కాబోలు.

మరొక సందేహం. మీరు చంపుతారు సరే, శవాన్ని ఎవరు ఎత్తాలి? చచ్చిన నాచు కుళ్ళి, అంతవరకూ తనలో దాచుకున్న ఫాస్ఫేటును తిరిగి నీటిలోకి వదులుతుంది, చేపలు పీల్చవలసిన ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. తొట్టి నిండా జుట్టు నాచు వేలాడుతుండగానే పరీక్షలో ఫాస్ఫేటు సున్నా చూపడానికీ అదే కారణం: వచ్చింది వచ్చినట్టు నాచే మింగేస్తోంది. కనుక రాయిని బయటికి తీసి, తొట్టి నుంచి తోడిన నీటిలోనే పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఊడిన పోగులను గొట్టంతో లాగి పారబోయడమే ఫాస్ఫేటును తొట్టి దాటించే పని. దానితోపాటు పోసే నీటి టీడీఎస్ (కరిగిన పదార్థాల మొత్తం), ఉప్పు కలపకముందు, సున్నా ఉందో లేదో, వేసే మేత ఎక్కువవుతోందేమో చూసుకోవాలి. ఈ పనులు ఏ మూతలోనూ పట్టవు.

నిందితుడు ఎవరో తేలి, తమరే కావలసివస్తే తప్పక కబురు పెడతాము. ఆ రోజు గాలి మోటారు నడుస్తుంటుంది, నురుగుతో మురికిని లాగే స్కిమ్మర్‌ను పొంగిపోకుండా ముందే సర్దిపెడతాము, పని ముగిశాక మిగిలిన మందును పీల్చే కొత్త కార్బన్ వేసి నీళ్ళు మారుస్తాము. అంతవరకు అలమారలో ఎండ తగలని చోట విశ్రమించగలరు.

ఇట్లు,
తమ మూతకున్న సీలు ఇంకా తీయని వినియోగదారు