కొత్తగా చేరిన పిల్లలకు డెబ్బై ఐదు శాతం సలహాలు

కౌన్సెలింగ్ అయిపోయింది, సీటు వచ్చింది. అనంతపురం బస్టాండులో కొత్త బ్యాగుతో మీరు, వేరుశనగ బుడ్డల పొడి డబ్బాతో మీ నాయన దిగుతున్నారు. ఈ సమయంలో మీకు దారి చూపించడం నా బాధ్యత. నాలుగేళ్ల బీటెక్‌ను ఇదే ఊళ్లో ఐదున్నరేళ్లు చదివినవాణ్ణి. కొన్ని సబ్జెక్టులైతే మూడేసి సార్లు చదివాను కాబట్టి, ఒక్కసారికే పాసైపోయినవాళ్లకంటే నాకే లోతు ఎక్కువ.

బ్రాంచి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అందరిదీ కంప్యూటర్సే. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు వేలు జారినవాళ్లు సివిల్లోనో మెకానికల్లోనో కనిపిస్తారు. వాళ్లకు ఉగ్గాని బజ్జీ పెట్టించి ఓదార్చండి.

అసలు విషయం హాజరు. కాలేజీకి కావలసింది మీ తెలివి కాదు, మీరు. అది కూడా మొత్తం అక్కర్లేదు, 75 శాతం చాలు. మిగతా 25 శాతం ఎక్కడికి పోయినా ఎవరూ అడగరు. 65కీ 75కీ మధ్యలో ఆగితే దాన్ని కండోనేషన్ అంటారు. మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టాలి. లోకంలో జబ్బు చేసినవాడు డాక్టరుకు డబ్బు కడతాడు. ఇక్కడ డాక్టరుకు ఒకసారి, కాలేజీకి ఒకసారి. 65 కన్నా తగ్గితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఒక సెమిస్టర్లో నాది 64.6 వచ్చింది. ఆ పాయింటు నాలుగు గురించి ఆఫీసు కిటికీ దగ్గర గంటసేపు వాదించాను. వాదిస్తున్న ఆ గంటలో ఇంకో క్లాసు పోయింది.

దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ వాన పడేది మన జిల్లాలోనేనని చిన్నప్పటి నుంచి చదువుకుంటున్నాం. వానకు అటెండెన్స్ తగ్గితే కరువు మండలమని ప్రకటిస్తారు, ఇన్‌పుట్ సబ్సిడీ ఇస్తారు. కుర్రాడికి తగ్గితే మాత్రం ఇంటికి ఫోన్ చేస్తారు. ఈ తేడా ఏమిటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

కొందరు తెలివైనవాళ్లు నీలం సంజీవరెడ్డిగారిని చూపిస్తారు. ఆయన మన ఆర్ట్స్ కాలేజీలోనే చదువుతూ, 1931లో చదువు వదిలేసి స్వాతంత్ర్య పోరాటంలోకి వెళ్లారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి. నిజమే. కానీ ఆయన వదిలేసి వెళ్లింది ఉద్యమానికి, సప్తగిరి సర్కిల్లో టీ తాగడానికి కాదు. నేనీ ఉదాహరణ మా నాయన ముందు ఒక్కసారే వాడాను.

ఇక మార్కులు. ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఆ 30 సారు చేతిలో ఉంటాయి కాబట్టి ముందు బెంచీలో కూర్చుని తల ఊపడం నేర్చుకోండి. పాఠం అర్థమైనవాడు అంతగా ఊపడు, వాడికి డౌట్లు వస్తుంటాయి. అర్థం కానివాడి ఊపులోనే అందం ఉంటుంది.

అన్నిటికన్నా గొప్పది రికార్డు, అంటే ల్యాబు ప్రయోగాలు రాసి సంతకం పెట్టించుకునే పుస్తకం. ల్యాబులో మీరేం చేశారన్నది ముఖ్యం కాదు, సీనియర్ రికార్డు ఎవరి దగ్గరుందో తెలుసుకోవడం ముఖ్యం. అందుకే సీనియర్ని 'సార్' అనకండి, 'అన్నా' అనండి. సార్ సంతకం పెడతాడు, రికార్డు ఇచ్చేది అన్నే.

మాకు ఫస్టియర్ ఫిజిక్సులో కాంపౌండ్ పెండ్యులం ప్రయోగం. హాస్టల్లో ఒక అన్న దోసె తింటూ రికార్డు తిరగేసినట్టున్నాడు, బుడ్డల చట్నీ తాలింపు నూనె ఒక చుక్క రిజల్టు మీద పడింది. పడినది సరిగ్గా 8కీ సున్నాకీ మధ్యన. సెంటీమీటర్ల లెక్కలో 980 ఉండాల్సిన గురుత్వ త్వరణం 98.0 అయి కూర్చుంది. మేం అరవైమందిమి తెల్లవార్లూ అదే ఎక్కించాం. మర్నాడు అరవై రికార్డుల్లోనూ ఎర్ర ఇంకుతో టిక్కు, కింద తేదీ, సంతకం. ఆ సెమిస్టరంతా అనంతపురంలో భూమి ఆకర్షణ పదో వంతే. వెనక బెంచీవాళ్లం మధ్యాహ్నం క్లాసుల్లో ఎందుకు తేలిపోతుండేవాళ్లమో అప్పుడు తెలిసింది.

అరవై ఒకటోవాడు ఒకడున్నాడు. పల్లె నుంచి వచ్చినవాడు, ఎవరినీ అన్నా అనడం చేతకానివాడు. పాపం, పెండ్యులం తనే ఊపి, స్టాప్‌వాచీ పట్టుకుని, గ్రాఫు గీసి 964 అని రాశాడు. సారు రికార్డు పక్కన పెట్టి, "అందరిదీ ఒకటైతే నీదొకటేందప్పా? మళ్లీ రాసుకొని రా" అన్నాడు. వాడు పోయి మళ్లీ ఊపాడు. ఈసారి 971 వచ్చింది. మూడోసారికి మా రూముకొచ్చి, తలుపు దగ్గర నిలబడి, "అన్నా, రికార్డు ఒకసారి ఇస్తావా" అన్నాడు. మేమంతా వాడి క్లాసువాళ్లమే. అయినా ఆ పిలుపుకు కరిగి ఇచ్చేశాం.

నా రికార్డు ఇప్పటికీ అటక మీద భద్రంగా ఉంది. మొన్న మా అక్క కొడుకు కాలేజీలో చేరుతూ అడిగితే దుమ్ము దులిపి ఇచ్చాను. వాడు పేజీలు తిప్పి, "మామా, ఇది 980 కదా, మధ్యలో ఈ చుక్కేంది?" అన్నాడు.

చెరిపేద్దామని రబ్బరు తీశాను. కింద సారు సంతకం కనిపించి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.