పోయారంటే సెలవుంది, ఉన్నారంటే లేదు

ఇంటి ముందు షామియానా. వరండాలో ఫ్రీజర్ పెట్టె, దాని మీద దండలు. అమెరికాలో ఉన్న కొడుకు ఎక్కిన విమానం దోహా దాటిందా లేదా అని బంధువుల ఆరా. శంషాబాద్‌లో దిగి ఊరు చేరేదాకా పెట్టె మూత తీయరు. తెలుగు ఊళ్లలో ఇది ఎవరికీ కొత్త కాదు.

ఆ కొడుకును తిట్టడం నా ఉద్దేశం కాదు. పాపం, వచ్చాడు. రాత్రికి రాత్రి దొరికిన ధరకు టికెట్ కొన్నాడు, ఆఫీసుకు ఒక్క మెసేజ్ పెట్టి బయల్దేరాడు. నేను అడిగేది ఆ మెసేజ్ గురించే. అదే మెసేజ్ ఆర్నెల్ల కిందట పెట్టి ఉంటే?

ఉద్యోగం చేసే ఎవరికైనా జవాబు తెలుసు. 'నాన్న పోయారు' అంటే ఏ మేనేజరూ మారుమాట్లాడడు. 'నాన్న ఉన్నారు, చూసొస్తాను' అంటే మాత్రం 'ఏమైనా అర్జెంటా?' అంటాడు. స్నేహితుల సంగతి ఇంకా అన్యాయం. ముప్పై ఏళ్ల దోస్తు చనిపోయినా సెలవు దరఖాస్తులో రాయడానికి చుట్టరికం ఉండదు. ఇక బతికున్న దోస్తును చూడ్డానికి ఎవడిస్తాడు?

ఈ కాలం వాళ్లకు ప్రేమలు తగ్గిపోయాయని ప్రవచనకారుల దగ్గర నుంచి వాట్సాప్ బాబాయిల దాకా అందరూ అంటారు. నేను ఒప్పుకోను. తగ్గితే మట్టికి అంతమంది ఎందుకొస్తారు? శుభకార్యానికి పిలిస్తే వెళ్లాలి, చావుకు పిలవకపోయినా వెళ్లాలన్న పెద్దల మాట ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మనం పోగొట్టుకున్నది ప్రేమను కాదు, ఏ కారణమూ లేకుండా ఒకరింటికి వెళ్లే వీలును.

ఒకప్పుడు ఆ కారణాలు క్యాలెండరే ఇచ్చేది. బతుకమ్మకు ఆడబిడ్డ, సంక్రాంతికి కొత్త అల్లుడు, జాతరకు ఊరంతా. నడుమ సంతకో, కోర్టు వాయిదాకో వచ్చినవాళ్లు 'ఇటు పని పడింది, చూసిపోదామని' అంటూ గుమ్మంలో చెప్పులు విడిచేవాళ్లు. ఇప్పుడు అపార్ట్‌మెంటు గేటు దగ్గర రిజిస్టరు ఉంటుంది. పేరు, ఫ్లాటు నంబరు, 'వచ్చిన పని'. ఆ మూడో గడిలో ఏం రాయాలో తెలియక నేను చాలాసార్లు 'పర్సనల్' అని రాశాను, ఏదో రహస్యం దాస్తున్నవాడిలా.

వీడియో కాల్ ఉందిగా అంటారు. ఉంది, కరోనా రోజుల్లో అదే దిక్కయింది కూడా. దూరం, ఖర్చు, పిల్లల పరీక్షలు అన్నీ నిజమే. కానీ ఫోన్లో అమ్మ తను చూపించదలచుకున్నదే చూపిస్తుంది. ఫ్రిజ్‌లో మూడు రోజుల నాటి పప్పు, వేసుకోకుండా మిగిలిన బీపీ మాత్రలు, గోడ పట్టుకుని బాత్రూమ్‌కు నడవడం... ఇవేవీ తెర మీదకు రావు.

ఇదంతా సెంటిమెంటు అనుకునేవారికి ఒక లెక్క. 2010లో 148 అధ్యయనాలను, మూడు లక్షల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూస్తే, అనుబంధాలు గట్టిగా ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో, ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. బీపీకి మాత్రలిచ్చే ప్రభుత్వాలు దీనికేం చేస్తున్నాయి?

విచిత్రమేమిటంటే, మన సర్కారుకు ఈ సంగతి ఒకప్పుడు తెలుసు. కేంద్ర ఉద్యోగులకు ఎల్‌టీసీ, అంటే సెలవు ప్రయాణ రాయితీ, ఉంది కదా, దాని అసలు రూపం 'హోమ్ టౌన్'. నాలుగేళ్లలో రెండుసార్లు సొంతూరు వెళ్లిరావడానికి చార్జీలు. తర్వాత అదే సొంతూరి టికెట్టు మార్చుకుని కశ్మీర్, అండమాన్ చూసి రావచ్చన్నారు. చూడాల్సిన జాబితాలో అమ్మకు బదులు దాల్ సరస్సు వచ్చి చేరింది.

అస్సాం మాత్రం 2024 నవంబర్ 6, 8 తేదీల్లో, తల్లిదండ్రులతోనో అత్తమామలతోనో గడపడానికని ఉద్యోగులకు ప్రత్యేక సెలవిచ్చింది. సొంత సరదాలకు వాడొద్దని షరతు కూడా పెట్టింది. మన దగ్గరేమో, కన్నవాళ్లను పట్టించుకోని ఉద్యోగుల జీతం కోస్తామని 2025లో తెలంగాణ ముఖ్యమంత్రి హెచ్చరించారు. కోసిన డబ్బు ఆ కన్నవాళ్ల ఖాతాలో పడుతుంది, సరే. కొడుకు వచ్చి మంచం పక్కన కూర్చునేదెప్పుడు? అదే ఏడాది రెండు తెలుగు రాష్ట్రాలూ రోజుకు పది గంటల పనికి తలుపులు తెరిచాయి. వారానికి 48 గంటల పరిమితి ఉందంటారు కానీ, పది గంటలు పనిచేసి, ట్రాఫిక్‌లో రెండు గంటలు నలిగినవాడు ఎవరింటికి వెళ్తాడు? ఆదివారం ఇంట్లో కూర్చుని ఏం చేస్తారని ఎల్ అండ్ టీ ఛైర్మన్ అడిగిన వీడియో కూడా ఆ జనవరిలోనే బయటికొచ్చింది. నన్నడిగితే, ఇంట్లో కూర్చోరు, పక్క ఊరికి పోతారు.

ఆ మాట గాలికి అనడం లేదు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఆంధ్రలోనూ వచ్చింది. అప్పటి నుంచి ఒకటే ఎకసెక్కం: 'టికెట్ లేదని ఊకెనే తిరుగుతున్నరు.' ఆటోవాళ్ల ఉపాధి దెబ్బతిన్న మాట నిజం, వాళ్లకు న్యాయం జరగాల్సిందే. కానీ ఆ 'ఊకెనే' దగ్గర నాకు కోపమొస్తుంది. ఇన్నాళ్లూ చార్జీలకు మొగుణ్నో కొడుకునో అడగాలి, అడిగితే 'ఏం పని' అంటాడు. పని లేకుండా పోవడానికి ఆడమనిషికి దొరికిన మొదటి అవకాశమిది. నా దృష్టిలో మనుషులను కలపడానికి మన ప్రభుత్వాలు చేసిన పెద్ద ఖర్చు ఇదే, చేసినవాళ్లకు ఆ సంగతి తెలియకపోయినా.

మా పెద్దమ్మకు డెబ్బై దాటాయి. నెలకోసారి ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని సిరిసిల్లలో పల్లెవెలుగు ఎక్కి కరీంనగర్‌లో ఉన్న తన అక్క దగ్గరికి పోతుంది. మొన్న నేను అక్కడే ఉన్నాను. ఈమెను చూడగానే ఆమె కంగారుగా లేచి, 'ఏందే, ఏమైంది? ఎవలకన్న బాగలేదా?' అంది.

'ఏం కాలే అక్కా. ఊకెనే అచ్చిన' అంటూ పెద్దమ్మ సంచిలోంచి సకినాలు తీసింది.