సర్వరు గదికో అమీను కావాలి

రాయగడలోనూ జయపురంలోనూ సర్వరు గది తాళాలు తెలుగువాళ్ల జేబులో ఉన్న ప్రతి ఆఫీసుకీ తక్షణం ఒక అమీను (భూమి కొలిచే సర్వేయరు) పోస్టు మంజూరు చెయ్యాలని మనవి. కంప్యూటరు రాకపోయినా ఫరవాలేదు. 'ఖాళీ జాగా' అన్న మాట చెవిన పడగానే అనుమానపడే బుద్ధి ఉంటే చాలు.

అంత అవసరం ఏమొచ్చిందంటారా? ఏఐఎక్స్ (ఐబీఎం వారి ఆపరేటింగ్ సిస్టమ్) సర్వరు రూట్ వీజీకి, అంటే సిస్టమ్ ఉండే వాల్యూమ్ గ్రూపుకి (డిస్కుల గుంపు), నకలు తియ్యాలి, అందుకో డిస్కు కావాలి. ఎల్ఎస్‌పీవీ కమాండు కొడితే డిస్కుల అడంగలు తెర మీదికొస్తుంది: డిస్కు పేరు, పదహారు అక్షరాల పీవీఐడీ (డిస్కు గుర్తింపు నంబరు), ఏ వాల్యూమ్ గ్రూపుదో. హెచ్‌డిస్క్4 ఎదురుగా గ్రూపు గడిలో 'నన్' (ఏదీ లేదు) అని ఉంటుంది. బంజరు దొరికిందని కుర్రాడి మొహం వెలిగిపోతుంది. ఆల్ట్ డిస్క్ కాపీ అనే నకలు కమాండు కొట్టేస్తాడు.

కొటియా గొడవ తెలిసినవాడైతే కొట్టడు. ఒడిశా పొట్టంగి బ్లాకుకీ ఆంధ్ర సాలూరు మండలానికీ నడుమ ఆ 21 ఊళ్ల తగువు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అయినా 2021లో ఆంధ్రవాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టారు. ఒక రిజిస్టరులో పేరు లేనంత మాత్రాన రెండోదానిలోనూ లేదని ఎవడంటాడు? 'నన్' కూడా అంతే. ఈ సర్వరు పుస్తకంలోకి ఎక్కలేదు, అంతవరకే. అదే లన్ (స్టోరేజి నుంచి ఇచ్చిన డిస్కు) క్లస్టరులోని రెండో సర్వరుకీ కనిపిస్తూ ఉండొచ్చు. పీవీఐడీ ఉండి గ్రూపు 'నన్' అయితే ఎల్‌క్వెరీవీజీ మైనస్ ఏటీపీతో డిస్కునే అడగాలి. ఏదైనా గ్రూపు వివరాలు బయటపడితే అక్కడ ఎవరో కాపురం ఉన్నట్టే. ఎల్ఎస్ఏటీటీఆర్‌లో రిజర్వ్ పాలసీ 'నో రిజర్వ్' (ఒక్క సర్వరుకే కట్టెయ్యలేదు) అని ఉందా? పంచుకోవడానికే ఇచ్చారేమోనని స్టోరేజివాళ్లని అడక్క తప్పదు.

పేర్లని నమ్మారో, అంతే సంగతులు. ఇటువాళ్ల గంజేయిపదర్ అటువాళ్లకి గంజాయిభద్ర అయినట్టు, ఇక్కడి హెచ్‌డిస్క్4 పక్క సర్వరులో హెచ్‌డిస్క్7 కావచ్చు. పీవీఐడీ, లన్ సీరియల్ నంబరు, ఈ రెండూ పోల్చాలి.

పీవీఐడీ గడిలోనూ 'నన్' ఉన్న డిస్కు మరీ ప్రమాదం. మనవాళ్లు దాన్నే కొత్త డిస్కనుకుంటారు. ఒరాకిల్ డేటాబేసు తనే నడుపుకునే ఏఎస్ఎం డిస్కులకి పీవీఐడీ ఉండదు, ఉండకూడదు. ఎల్‌క్వెరీపీవీ మైనస్ హెచ్ కొట్టి కుడివైపు అక్షరాలు చదవండి. 'ఓఆర్‌సీఎల్‌డిస్క్' కనిపిస్తే చేతులు వెనక్కి తీసుకోండి. "పోనీ, ముందు పీవీఐడీ ఇచ్చి చూద్దాం" అని సీహెచ్‌డెవ్‌తో పీవీ ఈక్వల్ టు యెస్ అన్నారా, ఏఎస్ఎం హెడ్డరు మీదే రాసినట్టు. సర్వే రాయి పాతబోయి పునాది తవ్వడమంటే ఇదే.

ఇన్ని తేలాకే గొలుసు పట్టాలి, అంటే జాగా కొలవాలి. ఎల్ఎస్‌వీజీ రూట్ వీజీలో వాడుకలో ఉన్న పీపీలు (డిస్కు జాగా ముక్కలు) 312, పీపీ సైజు 128 ఎంబీ అనుకుందాం. 39,936 ఎంబీ అవుతుంది. బూట్‌ఇన్ఫో మైనస్ ఎస్ చెప్పే డిస్కు సైజు అంతకంటే ఎక్కువుండాలి, ఇంకాస్త మిగులుతో. బూట్‌ఇన్ఫో మైనస్ పెద్ద బీ జవాబు 1 రావాలి, అంటే ఆ డిస్కు నుంచి బూట్ అవ్వొచ్చని. రాకపోతే కాపీ కమాండుకి మైనస్ జీ పెట్టి ఆ పరీక్షనే దాటవేసే ఘనులున్నారు. ఆ నకలు మీద సర్వరు లేవకపోతే అప్పుడు అర్ధరాత్రి ఫోన్లు. కాపీకి మైనస్ పెద్ద బీ కూడా తగిలిస్తే బూట్‌లిస్టు (సర్వరు ఏ డిస్కు నుంచి లేవాలన్న వరస) మారదు. లేకపోతే మర్నాడు రీబూట్ అయిన సర్వరు నకలు మీద లేస్తుంది, అసలుది 'ఓల్డ్ రూట్ వీజీ' అయి కూర్చుంటుంది.

కొటియావాళ్లు నయం. ఇద్దరూ మావాళ్లే మావాళ్లే అంటే రెండు రేషన్ కార్డులొచ్చాయి. డిస్కు మీద రెండోవాడు రాశాడంటే మొదటివాడికి మిగిలేది బ్యాకప్ టేపు, అది కూడా చదవగలిగితే. అమీను పోస్టుకి అర్హత గొలుసు పట్టడం వస్తే చాలు. జీతం ఏ రాష్ట్రం ఇవ్వాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.