ఇతరములు: 20 మార్కులు

యువజన సంగీత నాటకానికి పిల్లలను ఎంపిక చేసే సంఘంలో వరుసగా ఏడో ఏడాది సభ్యుడిగా కూర్చుంటున్నవాడిని కనుక, ఈ ఎంపికల్లో పక్షపాతం ఉన్నదంటూ తరచు వినబడే ఆరోపణలకు సవినయంగా సమాధానం చెప్పవలసిన బాధ్యత నామీద ఉన్నది. పక్షపాతమంటే ఏదో ఒక పక్షం వైపు మొగ్గడం. మేము మొహమాటం కొద్దీ అన్ని పక్షాల వైపూ మొగ్గుతాము. అలా మొగ్గి మొగ్గి చివరికి నిటారుగానే నిలబడతాము కనుక ఆ నింద మాకు అంటదు.

మా పద్ధతి ఎంత శాస్త్రీయమైనదో మార్కుల కాగితం చూస్తేనే తెలుస్తుంది. శ్రుతికి 20, లయకు 20, అభినయానికి 20, ఉచ్చారణకు 20, ఇతరములకు 20. మొదటి నాలుగు గడుల్లోనూ మేము 14కు తక్కువ వేయము, ఎందుకంటే రేపు ఆ పిల్ల తల్లి ఎక్కడో ఒకచోట ఎదురుపడుతుంది; 16కు మించి వేయము, ఎందుకంటే తక్కిన 59 మంది తల్లులూ ఎదురుపడతారు. ఈ విధంగా శ్రుతిలో పాడినవాడికీ, శ్రుతికి దూరపు చుట్టంలా పాడినవాడికీ నడుమ తేడా రెండు మార్కులకే పరిమితమైనప్పుడు, ఫలితాన్ని తేల్చే భారమంతా పాపం ఆ అయిదో గడి ఒక్కటే మోయవలసి వస్తుంది. ఇతరములంటే ఏమిటని కొందరు గుచ్చి గుచ్చి అడుగుతుంటారు. అభ్యర్థి తండ్రికి సౌండు సిస్టం అద్దెకిచ్చే స్నేహితుడు ఉండడం, తల్లికి కుట్టుమిషను తొక్కడం రావడం, మేనమామకు సామాన్లు మోసే వ్యాను ఉండడం మొదలైనవి. ఇందులో కళకు సంబంధించనిది ఏదీ లేదు. మైకు లేనిదే ఎంత గొప్ప గొంతైనా మూడో వరుస దాటదన్నది అందరికీ తెలిసిన విషయమే.

సంగీత నాటకాల ఆడిషన్లలో అభ్యర్థి చేత పదహారు బార్లు (బారంటే పాశ్చాత్య సంగీతంలో మన తాళావర్తం లాంటి కొలత) పాడించి చూడడం చాలా దేశాల్లో ఉన్న వాడుక. బారుకు నాలుగు బీట్లు, నిమిషానికి 120 బీట్ల నడక అనుకుంటే అది సరిగ్గా 32 సెకన్ల పాట. మేమూ అదే పాటించాము. ఆ లెక్కన ఈసారి వచ్చిన 60 మంది పాడినదంతా కలిపితే 32 నిమిషాలు. ఎంపిక మాత్రం ఉదయం తొమ్మిదికి మొదలై సాయంత్రం నాలుగున్నరకు ముగిసింది. తక్కిన కాలం ఏమైపోయిందని ఆశ్చర్యపోయేవారు తల్లిదండ్రుల పరిచయ వాక్యాలు ఎన్నడూ విని ఉండరు. పిల్లవాడు వేదిక ఎక్కడానికి ముందే వాడికి నిన్నటి నుంచి జలుబని మాకు తెలియజేయబడుతుంది. ఈ ఏడేళ్లలో జలుబు చేయని గాయకుణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు.

ఆడలేక మద్దెల ఓడన్న పాతకాలంలో మద్దెల అయినా ఎదురుగా ఉండేది. ఇప్పుడు పాటకు వెనుక మోగే సంగీతపు ట్రాకులన్నీ అమ్మల ఫోన్లలో ఉంటున్నాయి. ఒక తొమ్మిదేళ్లవాడు చేతులు కట్టుకొని, కళ్లు మూసుకొని, చరణం మధ్యలో ఉండగా ఆ ఫోను మోగింది. తల్లి కంగారుగా సంచీ వెతుక్కుంటున్నది. వాడు కళ్లు తెరవలేదు, ఆపలేదు. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకొని, రింగుటోను ఏ శ్రుతిలో ఉన్నదో ఆ శ్రుతిలోకి పాటను ఎత్తుకొని, మిగిలిన చరణం మొత్తం దానితోనే పూర్తి చేసి, నమస్కారం పెట్టి దిగిపోయాడు. నా పక్కనున్న సభ్యుడు కాసేపు పెన్ను పట్టుకొని అలాగే ఉండిపోయాడు. తరువాత, ఇచ్చిన ట్రాకును అనుసరించలేదు కనుక శ్రుతికి 14 వేశాడు. నియమం నియమమే.

పోయిన ఏడాది తప్పిపోయిన ఏనుగుపిల్లగా ప్రేక్షకులను ఏడిపించిన కుర్రవాడి వ్యవహారం ఇంతకన్నా చిక్కైనది. వాడికి పదమూడేళ్లు వచ్చాయి. సాధారణంగా 12–14 ఏళ్ల ప్రాంతంలో మగపిల్లల స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, మందమై, గొంతు సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుందని, దిగే దారిలో కొన్ని నెలలపాటు ఎక్కడ పడితే అక్కడ జారుతుందని వైద్యులు చెబుతారు. మా దరఖాస్తులో "గొంతు: సన్నము / బొంగురు" అనే చోట వాడు రెండింటికీ టిక్కు పెట్టాడు. ఈసారి వచ్చిన దరఖాస్తుల్లో అక్షరాలా నిజం చెప్పినది అదొక్కటే. పల్లవి బాగానే ఎత్తుకున్నాడు. పై షడ్జం దగ్గరకు వచ్చేసరికి గొంతు రెండుగా చీలి ఒకటి పైకీ ఒకటి కిందికీ పోయింది. వెనుక వరుసలో ఎవరో నవ్వారు, వాడి చెవులు ఎర్రబడ్డాయి. పాటను మూడు మెట్లు దించితే వీడు హాయిగా పాడతాడని సంగీత దర్శకుడు అన్నాడు. కానీ డబ్బిచ్చి చేయించుకున్న ట్రాకును దించడం కన్నా పిల్లవాణ్ణి దించడమే తేలికని సంఘం ఏకగ్రీవంగా భావించి, వాడికి మర్రిచెట్టు వేషం కేటాయించింది. ఈ ఒక్క తీర్మానం మీద సంతకం చేసేటప్పుడు మాత్రం నేను వాడి వైపు చూడలేదు.

నిష్పక్షపాతం కోసం మేము చేయని ప్రయత్నం లేదు. 1970ల నుంచి అమెరికాలో పలు సింఫనీ ఆర్కెస్ట్రాలు వాద్యకారులను తెర చాటున వాయించమని, న్యాయనిర్ణేతలకు మనిషి కనబడకుండా చేసి ఎంపిక చేయసాగాయి. నడకను బట్టి వచ్చినది ఆడో మగో పోల్చకుండా ఉండేందుకు కొన్నిచోట్ల నేలమీద తివాచీ కూడా పరిచారట. మూడేళ్ల కిందట మేమూ తెర కట్టించాము, తివాచీ పరిపించాము. మొదటి అభ్యర్థి అడుగుల చప్పుడు కాకుండా వచ్చి, తెర వెనుక నిలబడి, గొంతు సవరించుకొని, "నమస్కారం అంకుల్, నాన్నగారు మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు" అన్నది. మధ్యాహ్నానికల్లా తెర విప్పించేశాము.

నృత్య పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇరవై మందిని ఒకేసారి నిలబెట్టి, ఎనిమిదెనిమిది లెక్కల అడుగులు నేర్పించి, పక్కవాడిని చూసి చేసేవాళ్లను వెనక్కి, చూడకుండా తప్పు చేసేవాళ్లను ముందుకు పంపుతాము.

అసలు చిక్కు పాత్రల సంఖ్యతోనే. నాటకంలో మాటలున్న పాత్రలు తొమ్మిది, వచ్చినవారు 60 మంది. ఎవరినీ కాదనకూడదన్నది మా సంఘం మూలసూత్రం కనుక దర్శకుడు అడవిని దట్టం చేశాడు. రచయిత మూడు చెట్లు రాసిన చోట ఇప్పుడు ముప్పై ఎనిమిది ఉన్నాయి. రాజు వేషానికి ఇద్దరి ఇతరములు సమానంగా రావడంతో విరామానికి ముందు ఒక రాజు, విరామం తరువాత మరొక రాజు అని తీర్మానించాము. కష్టాలు మనిషిని గుర్తుపట్టలేనంతగా మారుస్తాయని నాటకంలో ఎలాగూ ఒక డైలాగు ఉన్నది.

ఇంతా చేసి, చివరగా ఒక అమ్మాయి విషయంలో మేము నియమం తప్పామని అంటున్నారు. ఆ పిల్ల ఆడిషనుకు వచ్చినది కాదు, తమ్ముణ్ణి తీసుకొని వచ్చింది. రోజంతా తలుపు దగ్గర, ఒక చేతిలో వాడి నీళ్ల సీసా పట్టుకొని నిలబడి, ఎవరు ఏ పాత్ర చదువుతున్నా పెదవులు కదిలిస్తూనే ఉన్నది. మధ్యాహ్నం ఒక రాజు మాట మరచిపోయి బిక్కముఖం వేస్తే, ఆ మాట తలుపు దగ్గర నుంచి వచ్చింది, రాజు కన్నా రాజసంగా. హాలు ఒక్కసారి అటు తిరిగింది. దరఖాస్తు గడువు ముందురోజే ముగిసింది కనుక ఆమె పేరు జాబితాలో చేర్చడం మా చేతుల్లో లేని పని. అయినా ప్రతిభను గుర్తించే అలవాటు మాకు ఉన్నది కనుక నాటకం మొత్తం నోటికి వచ్చిన ఆ ఒక్కర్తినీ తెర పక్కన ప్రాంప్టరుగా నియమించాము. ఆమె గొంతు ప్రేక్షకులకు వినబడకూడదన్నది మేము పెట్టిన ఒకే ఒక్క షరతు.