ఆ పోటీలో ఓడింది బ్లూసే

1986 మార్చిలో విడుదలైన హాలీవుడ్ సినిమా ‘క్రాస్‌రోడ్స్’ థియేటర్లలో నిలబడలేదు. అమెరికాలో వసూళ్లు 60 లక్షల డాలర్లు కూడా దాటలేదు. చివర్లో వచ్చే గిటార్ పోటీ మాత్రం సినిమాను దాటి బతికింది. గిటార్ నేర్చుకునే పిల్లలు సినిమా పేరు తెలియకపోయినా ఆ సీన్ చూసే ఉంటారు. కుర్ర హీరో యూజీన్‌గా రాల్ఫ్ మాచియో ఒకవైపు, అతని ప్రత్యర్థి జాక్ బట్లర్‌గా రాక్ గిటారిస్టు స్టీవ్ వై ఒకవైపు, మధ్యలో దెయ్యం. సినిమాల్లో ఇంతకు మించిన గిటార్ పోటీ లేదనే మాట నలభై ఏళ్లుగా వింటున్నాం. ఉత్కంఠ లెక్కన నేనూ కాదనను. కానీ అక్కడ గెలిచింది ఎవరు? అమెరికా నల్లజాతివాళ్ల సంగీతమైన బ్లూస్ కోసం తీసిన సినిమా, అసలు సమయం వచ్చేసరికి బ్లూస్‌ను పక్కకు నెట్టి ఇటాలియన్ వయొలిన్ స్వరకర్త పగనీనీ చేతికి విజయం అప్పగించింది. గొప్ప సీనే, కానీ తన సినిమాకే వెన్నుపోటు పొడిచిన సీన్.

కథ చాలామందికి తెలిసిందే. న్యూయార్క్‌లో జూలియార్డ్ స్కూల్లో క్లాసికల్ గిటార్ చదివే యూజీన్‌కు బ్లూస్ పిచ్చి. 1936, 37ల్లో 29 పాటలు రికార్డు చేసి, 27 ఏళ్లకే పోయిన బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ ముప్ఫయ్యో పాట ఒకటి ఎక్కడో ఉందని నమ్ముతాడు. ఆ పాట కోసం జాన్సన్ స్నేహితుడు విల్లీ బ్రౌన్‌ను వృద్ధాశ్రమం నుంచి బయటికి తెచ్చి, ఇద్దరూ మిసిసిపీ దారి పడతారు. విల్లీ యవ్వనంలో కూడలి దగ్గర దెయ్యానికి ఆత్మ రాసిచ్చాడు. ఆ కాంట్రాక్ట్ చిరగాలంటే దెయ్యం తరఫున వాయించే జాక్ బట్లర్‌ను యూజీన్ ఓడించాలి. ఓడితే కుర్రాడి ఆత్మ కూడా పోతుంది.

సినిమా మొదట్లో యూజీన్ మోజార్ట్ వాయిస్తూ చివర్లో ఒక చిన్న బ్లూస్ విరుపు కలుపుతాడు. ప్రొఫెసర్ మందలిస్తాడు. అక్కడి నుంచి సినిమా అంతా ఆ ప్రొఫెసర్‌కు జవాబుగా నడుస్తుంది. బ్లూస్ క్లాసులో రాదు, వేళ్ల చురుకుతో రాదు, దారిలో తగిలిన దెబ్బలతో వస్తుందని విల్లీ అడుగడుగునా చెబుతాడు. దారిలో కలిసిన ఫ్రాన్సెస్ అనే అమ్మాయి వదిలి వెళ్లిపోయాక యూజీన్, తీగల మీద జార్చే గొట్టం లాంటి స్లైడ్‌తో వాయించే ఆ నెమ్మదైన బ్లూస్ దగ్గర ఈ పాఠం పూర్తవుతుంది. అక్కడ అతను ఎవరినీ ఓడించాలనుకోవడం లేదు. ఒక్కో స్వరం ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. సినిమాకు నిజమైన క్లైమాక్స్ అదే. దర్శకుడు వాల్టర్ హిల్ దాన్ని గుర్తించలేదనిపిస్తుంది. రాసిన జాన్ ఫస్కో కూడా ఆ పాఠాన్ని చివరిదాకా మోయలేదు.

ఇప్పుడు పోటీకి వద్దాం. అది రెండు ముక్కలు. మొదటి ముక్కలో యూజీన్ టెలికాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌పై స్లైడ్‌తో ఒక మాట అంటాడు, బట్లర్ దానికి బదులిస్తాడు. ఒకరి వాక్యాన్ని ఇంకొకరు అందుకుని మలుపు తిప్పుతుంటారు. ఈ భాగం ఎన్నిసార్లు చూసినా పాతబడదు. పొలాల్లో పని చేస్తూ ఒకరు పిలిస్తే మిగతావాళ్లు పలికిన పాటల నుంచి, చర్చిలో బోధకుడి మాటకు జనం ఇచ్చిన బదులు నుంచి పుట్టిన సంగీతం ఇలాగే నడవాలి. స్లైడ్ తీగ మీద జారుతుంటే గొంతు జీర పోయినట్టు ఉంటుంది. బట్లర్ ఎంత వేగంగా వాయించినా ఆ జీరకు అతని దగ్గర జవాబు లేదు. న్యాయంగా అయితే పోటీ అక్కడే తేలిపోవాలి.

తేలనివ్వరు. బట్లర్ ఒక్కసారిగా విజృంభిస్తాడు, యూజీన్ తడబడతాడు, జనం అతని చేయి జారిపోతారు. అప్పుడు అతను బ్లూస్‌ను వదిలేసి పగనీనీ వయొలిన్ కోసం రాసిన ఐదో కప్రీస్ అనే కృతి ఆధారంగా అల్లిన మెరుపు తునక అందుకుంటాడు. బట్లర్ దాన్ని తిరిగి వాయించబోయి పైస్వరం దగ్గర తప్పుతాడు, గిటార్ వదిలి వెళ్లిపోతాడు. అంటే మిసిసిపీదాకా పోయి నేర్చుకున్నది అక్కరకు రాలేదు, జూలియార్డ్‌లో నేర్చుకున్నదే గట్టెక్కించింది. మొదట్లో మందలించిన ప్రొఫెసర్ ఆ హాల్లో ఉంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాడు.

ఇంకో సంగతి ఉంది, అది తెలిశాక ఆ సీన్‌ను పాత కళ్లతో చూడలేం. మాచియో వేళ్ల కదలిక నేర్చుకున్నాడు, గిటారిస్టు ఆర్లెన్ రాత్ అతనికి శిక్షణ ఇచ్చాడు. వినిపించే స్లైడ్ మాత్రం సినిమాకు సంగీతం చేసిన రై కూడర్‌ది. బట్లర్ వాయించేదంతా స్టీవ్ వైదే. యూజీన్‌ను గెలిపించిన పగనీనీ కూడా స్టీవ్ వైదే! గెలిచిన వేళ్లు, ఓడిన వేళ్లు ఒకే మనిషివి. తను వాయించిన ముక్కనే వాయించలేనట్టు నటించి ఓడాడు. ఇంగ్వే మాల్మ్‌స్టీన్ ప్రభావంతో రాక్ గిటారిస్టులు వయొలిన్ కృతులను వేగంగా వాయించి చూపించడం మోజుగా మారిన రోజులవి. బట్లర్‌లాంటివాడికి ఆ కప్రీస్ కొట్టిన పిండి అయి ఉండాలి. యూజీన్ అతన్ని కొట్టింది అతని సొంత ఆయుధంతోనే. ఆ నిమిషంలో గెలిచింది మిసిసిపీ కాదు, నిజానికి జూలియార్డూ కాదు, 1986 నాటి రాక్ ఫ్యాషన్.

దీనికి ఒక బలమైన ఎదురు వాదన ఉంది. యూజీన్ నల్లవాడు కాదు, మిసిసిపీ డెల్టా బిడ్డ కాదు, అతను జాన్సన్‌ను అనుకరించి గెలిస్తే అది అబద్ధం అయ్యేది. తన దగ్గరున్న క్లాసికల్‌ను బ్లూస్ దారిలో కలపడమే అతని నిజాయితీ అంటారు. దొరికిన చోటే ఉండిపోకుండా సంగీతాన్ని ముందుకు తీసుకెళ్లమని విల్లీ చెబుతాడు కూడా. ఆ వాదన మొదటి సగం నాకు సమ్మతమే. కానీ సీన్‌లో కలయిక ఎక్కడుంది? మొదట్లో మోజార్ట్ చివర బ్లూస్ విరుపు పెట్టినవాడు, చివర పగనీనీలో స్లైడ్ జీర పెట్టి ఉంటే కలిపాడని ఒప్పుకునేవాణ్ని. అతను ఒకటి కింద పెట్టి ఇంకొకటి ఎత్తుకున్నాడు.

బ్లూస్‌లో పోటీలు లేవని కాదు. వాయించి ఒకరినొకరు ఓడించుకునే హెడ్ కటింగ్ అనేది బ్లూస్ గాయకుల మధ్య మామూలు మాటే, జాన్సన్ కూడా వీధి మూలల్లో ఆ పని చేసినవాడే. మరి అక్కడ కొలత ఏమిటి? బ్లూస్ గాయకుడు బిగ్ బిల్ బ్రూంజీ తన ఆత్మకథలో షికాగో పోటీ ఒకటి చెప్పుకున్నాడు. బహుమతి విస్కీ, జిన్ను సీసాలు. అవతల గాయని మెంఫిస్ మిన్నీ. ఆమె పాట అయ్యాక జనం కేకలు ఎంతకీ ఆగలేదట, గెలుపు ఆమెదేనని తేల్చారు. ఓడిన బ్రూంజీ విస్కీ సీసా పట్టుకుని పారిపోయానని రాసుకున్నాడు. అక్కడ ఎవరూ ఎవరి ముక్కనూ తిరిగి వాయించి చూపించాల్సిన పని లేదు. తిరిగి వాయించలేకపోవడం బ్లూస్‌లో ఓటమే కాదు. జాన్సన్ తన కూడలి పాట ‘క్రాస్ రోడ్ బ్లూస్’ను 1936 నవంబర్‌లో శాన్ ఆంటోనియోలో రెండు టేకులు చేశాడు, ఆ రెండూ ఒకేలా ఉండవు.

తంజావూరు వైపు చెప్పుకునే బొబ్బిలి కేశవయ్య కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆస్థానాలు గెలుచుకుంటూ వచ్చిన మన ఆంధ్ర విద్వాంసుడు కేశవయ్య సవాలు విసిరితే, అక్కడివాళ్లు శ్యామశాస్త్రి గారిని ఆశ్రయించారట. కేశవయ్య సింహనందన తాళం పాడితే, శాస్త్రి గారు శరభనందనంతో ఓడించారని అంటారు. ఎంత నిజమో గానీ, ఆ కథలో నాకు ముఖ్యం వేరు. పోటీకి ముందు భయంతో కామాక్షి ఎదుట పాడారని చెప్పే ‘దేవీ బ్రోవ సమయమిదే’ ఈ రోజుకీ కచేరీల్లో పాడుతున్నారు. గెలిపించిన తాళం లెక్క పండితుల ముచ్చట్లలో మిగిలింది. జనం తమతో తీసుకెళ్లింది ఆ ఆర్తినే. ఫ్రాన్సెస్ వెళ్లాక యూజీన్ వాయించిన బ్లూస్‌ను, పోటీలో వాయించిన పగనీనీని పక్కపక్కన పెట్టి విన్నవాళ్లకు నా మాట అర్థమవుతుంది.

అసలు దెయ్యం కథ మీదే నాకు కోపం. జాన్సన్ పాటలో దెయ్యంతో బేరం ఎక్కడా లేదు. కూడలి దగ్గర మోకాళ్ల మీద పడి దేవుణ్ని దయ చూపమంటాడు. వచ్చేపోయే బండ్లను ఆపబోతాడు, ఎవరూ ఎక్కించుకోరు, పొద్దు గూకుతుంటుంది. 1930ల మిసిసిపీలో చీకటి పడ్డాక ఒంటరిగా రోడ్డు మీద దొరికిన నల్లవాడికి ఏం జరగగలదో తెలిసినవాళ్లకు ఆ భయం ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. ఆత్మ అమ్ముకున్న కథ మొదట టామీ జాన్సన్ అనే మరో గాయకుడి గురించి అతని అన్న లెడెల్ చెప్పినది. అది తర్వాత రాబర్ట్‌కు అంటుకుంది. తోటి బ్లూస్ గాయకుడు సన్ హౌస్ చెప్పిన దాని ప్రకారం, రాబర్ట్ మొదట్లో గిటార్ పట్టుకుంటే జనం విసుక్కునేవాళ్లు. కొంతకాలం కనిపించకుండా పోయి తిరిగి వచ్చేసరికి అందరి నోళ్లూ మూతపడ్డాయి. మధ్యలో జరిగింది మాయ కాదు. ఐక్ జిమ్మర్‌మన్ అనే గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. ఎవరికీ ఇబ్బంది లేకుండా రాత్రిళ్లు శ్మశానంలో సాధన చేసేవాళ్లని చెబుతారు. పగనీనీ మీద కూడా యూరప్‌లో ఇదే పుకారు నడిచింది, చనిపోయాక చర్చి స్మశానంలో చోటు దక్కడానికి ఏళ్లు పట్టింది. దెయ్యం పేరు చెప్పగానే గురువు పేరు, సాధన చేసిన రాత్రులు లెక్కలోంచి పోతాయి.

లెక్కలోంచి పోయినవాళ్ల గురించే నా అసలు బాధ. నల్లవాళ్లు తాగి పాడి ఆడే జూక్ జాయింట్‌లో విల్లీ పాడుతుంటే యూజీన్ గిటార్ అందుకునే సీన్‌ను అభిమానులు కూడా అంతగా తలుచుకోరు. ఈ సినిమా కోసం రై కూడర్‌తో కలిసి హార్మోనికా వాయించినవాళ్లలో సోనీ టెర్రీ ఒకరు. చూపు లేని మనిషి. 1938 డిసెంబర్‌లో రికార్డుల నిర్మాత జాన్ హామండ్ న్యూయార్క్ కార్నెగీ హాల్లో నల్లజాతి సంగీతంతో కచేరీ పెట్టి, రాబర్ట్ జాన్సన్ కోసం కబురు పంపితే, ఆగస్టులోనే చనిపోయాడని తెలిసింది. ఆయన బదులు బ్రూంజీ పాడాడు, జాన్సన్ రికార్డులను స్టేజీ మీద వినిపించారు. ఆ రాత్రి ఆ వేదిక మీద హార్మోనికా వాయించింది సోనీ టెర్రీయే. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, ‘క్రాస్‌రోడ్స్’ విడుదలకు మూడు రోజుల ముందు, 1986 మార్చి 11న కన్నుమూశాడు. జాన్సన్ కాలానికీ ఈ సినిమాకూ మధ్య ఊపిరితో కట్టిన బంధం ఆయనే. పోటీ సీన్ గురించి గంటలు మాట్లాడేవాళ్ల నోట ఆయన పేరు ఒక్కసారి రాదు.

సినిమాలో కాంట్రాక్ట్ ఒక్క పగనీనీతో చిరిగిపోతుంది. బయట అలా చిరగలేదు. ఆ రోజుల్లో నల్ల గాయకులకు పాటకు ఇన్ని డాలర్లని చేతిలో పెట్టి పంపేవాళ్లు, రాయల్టీ ఊసే లేదు. 1990లో జాన్సన్ పాటలన్నీ ఒక సెట్‌గా వచ్చి పది లక్షలు దాటి అమ్ముడయ్యాయి, గ్రామీ కూడా గెలిచాయి. ఆ డబ్బు ఎవరిదన్న తగువు కోర్టులో నలిగి, మిసిసిపీలో కంకర లారీ నడిపి బతికిన క్లాడ్ జాన్సన్ ఆయన కొడుకేనని 1998లో తేలింది, 2000లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. తండ్రి పోయిన అరవై ఏళ్లకు.

మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టం సవరించి, సినిమా పాట రాసినవాళ్లకూ స్వరపరిచినవాళ్లకూ రాయల్టీ హక్కు వదులుకోలేనిదిగా చేశారు. మంచి పని. అయితే ఒగ్గు కథ చెప్పేవాళ్ల దగ్గరో, ఉత్తరాంధ్ర పల్లెలో నాట్లు వేసే ఆడవాళ్ల దగ్గరో విన్న వరస సినిమాలోకి ఎక్కితే ఆ చట్టం వాళ్లను పట్టించుకోదు. పాటకు రాసినవాడి పేరు లేదు కాబట్టి, హక్కుదారు లేడు. టైటిల్స్‌లో ‘జానపదం’ అని ఒక ముక్క వేసి చేతులు దులుపుకుంటారు. పాట ఏ ఊళ్లో ఎవరి గొంతులో విన్నారో టైటిల్స్‌లో వేయాలి, వచ్చిన రాబడిలో ఆ గొంతుకు వాటా కట్టాలి, ఆ నిబంధన చట్టంలో ఉండాలి. పాట సేకరించడానికి పల్లెకు వెళ్లిన మనిషికి ఆ ఊరి పేరు, పాడిన మనిషి పేరు తెలిసే ఉంటాయి.